చూచిన పిమ్మటనే తీర్పు

అమెరికా దేశమున లాస్ ఏంజిలెస్ నగరములో, హాలీవుడ్ బులెవార్డ్ అను రాజవీధిలో, ఈజిప్షియన్ థియేటర్ అను పాత చలనచిత్రశాల ఒకటి కలదు. సిడ్ గ్రామన్ అను ప్రదర్శకుడు దానిని నెలకొల్పెను. 1922 అక్టోబరు 18వ తేదీన డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ నటించిన ‘రాబిన్ హుడ్’ చిత్రముతో దాని తలుపులు తెరచుకొనినవి. ఈజిప్టు దేవాలయములను తలపించు స్తంభములును, గోడలమీది బొమ్మలును, వీధినుండి లోనికి నడచిపోవుటకు విశాలమైన ముంగిలియు దానికి శోభ కూర్చినవి. కాలక్రమమున అది మూతపడి, 1994 నాటి భూకంపములో దెబ్బ తినెను. 1996లో నగరపాలకులు, మరమ్మతు చేయవలెనను షరతుమీద, ఒక్క డాలరు నామమాత్రపు వెలకు దానిని అమెరికన్ సినిమాథెక్ అను సంస్థకు అప్పగించిరి. 1998 డిసెంబరులో అందు మరల ప్రదర్శనలు మొదలైనవి. 2020లో అది మరియొక సంస్థ చేతిలోనికి పోయినను, 2023 నవంబరునుండి తిరిగి చిత్రములు ప్రదర్శింపబడుచున్నవి.

ఈ శాలలో అనేక సంవత్సరములపాటు జనవరి మాసమున ఒక చక్కని ఆచారము నడచినది. గోల్డెన్ గ్లోబ్ బహుమతి పోటీకి ఎంపికైన పరభాషా చిత్రములను, బహుమతి ప్రదానమునకు ముందే, వరుసగా ప్రజలకు చూపెడివారు. ఆ చిత్రముల దర్శకులను రప్పించి, అందరిని ఒకే వేదికమీద కూర్చుండబెట్టి, ప్రేక్షకుల సమక్షమున గోష్ఠి జరిపెడివారు. మరునాడో మూడవనాడో వారిలో ఒకరికి మాత్రమే బహుమతి లభించును. ఐనను ఆ పూట వేదికమీద గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు. ఆ రాష్ట్రములోనే పామ్ స్ప్రింగ్స్ అను ఎడారి పట్టణమున 1990 నుండి జరుగుచున్న చలనచిత్రోత్సవము కూడ ఇట్టి పనినే మరింత విస్తారముగ చేయుచున్నది. ఆస్కార్ బహుమతికై నానా దేశములు పంపిన చిత్రములలో అనేకమును అక్కడ ఒకేచోట చూడవచ్చును.

ఎక్కడనో సముద్రములకు ఆవల జరుగు ఈ ప్రదర్శనలతో మనకేమి పని యని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. ఆ సందేహమునకు సమాధానముగనే నేనీ ప్రసంగమును ఉద్దేశించితిని. బహుమతి వార్త మనకు అర నిమిషములో చేరును. ఆ బహుమతికి కారణమైన చిత్రము మాత్రము ఏండ్లు గడచినను చేరకపోవచ్చును. వార్త విని సంతోషించుటకును, చిత్రము చూచి సంతోషించుటకును నడుమ గల దూరమే ఈనాటి నా విషయము.

ముందుగ కొంత చరిత్ర చెప్పవలసియున్నది. ఆస్కార్ బహుమతుల నొసగు అకాడమీ 1927లో ఏర్పడినది. మొదటి బహుమతులు 1929లో ఇయ్యబడినవి. అటుపిమ్మట దాదాపు ఇరువది సంవత్సరముల వరకు పరభాషా చిత్రములకు అందు ప్రత్యేక స్థానము లేకుండెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1948లో జరిగిన ఉత్సవమున, విత్తోరియో డి సికా అను ఇటాలియను దర్శకుని ‘షూషైన్’ అను చిత్రమునకు విశేష పురస్కారము లభించెను. రోము నగర వీధులలో బూట్లు తుడిచి పొట్టపోసికొను ఇద్దరు బాలుర కథ అది. ఒక గుఱ్ఱమును కొనవలెనని వారు కలలు కనిరి. పెద్దల మోసమునకు చిక్కి బాలల కారాగారమున పడిరి. యుద్ధములో ఓడి, శిథిలమైపోయిన దేశమునుండి వచ్చిన ఆ చిత్రమును చూచి, సకల సౌకర్యములు గల హాలీవుడ్డు తల వంచవలసివచ్చెను.

ఆ తరువాత కొన్ని సంవత్సరములు ఇట్టి పురస్కారములు పోటీ లేకుండగనే ఇయ్యబడినవి. 1956వ సంవత్సరపు చిత్రములతో పోటీ పద్ధతి ఆరంభమైనది. మొదటి పోటీకి అయిదు చిత్రములు ఎంపికైనవి: ఇటలీనుండి ఫెలినీ దర్శకత్వమున ‘లా స్త్రాదా’, జపానునుండి ‘ది బర్మీస్ హార్ప్’, ఫ్రాన్సునుండి ‘జెర్వేజ్’, పశ్చిమ జర్మనీనుండి ‘ది కాప్టెన్ ఆఫ్ కోపెనిక్’, డెన్మార్కునుండి ‘కివితోక్’. బహుమతి ‘లా స్త్రాదా’కు దక్కినది. ఐనను బర్మాలో చనిపోయిన తోడి సైనికుల ఎముకలను పూడ్చుటకై స్వదేశమునకు పోక నిలిచిపోయిన ఆ జపాను సైనికుని కథను చూచినవాడెవడును దానిని ఓడిపోయిన చిత్రమని తలంపజాలడు. అయిదింటిని ఒక్క వరుసలో చూచుటవలన కలుగు మొదటి లాభమిదియే. ఓటమి యను మాటకు ఆ చిత్రముల విషయమున అర్థము చాల తక్కువ యని తెలియును.

పరభాషా చిత్రము ఒక దేశపు తెరమీదికి ఎక్కుట ఎల్లప్పుడు సుకరముగ జరుగలేదు. డి సికా రచించిన మరియొక మహాచిత్రము ‘బైసికిల్ థీవ్స్’ 1948లో ఇటలీలో విడుదలయ్యెను. ఉద్యోగము దొరకని ఒక పేదవాడు, గోడలమీద ప్రకటనలు అంటించు పని దొరికెనని సంతోషించును. ఆ పనికి సైకిలు కావలెను. ఇంటిలోని దుప్పట్లు కుదువబెట్టి సైకిలును విడిపించుకొనును. మొదటినాడే, అతడు హాలీవుడ్డు నటి రీటా హేవర్త్ బొమ్మగల ప్రకటనను గోడకు అంటించుచుండగా, ఆ సైకిలును దొంగ ఎత్తుకొనిపోవును. తండ్రియు చిన్న కుమారుడును నగరమంతయు గాలింతురు. కథ అంతియే. తండ్రిగ నటించినవాడు నటుడు కాడు, ఒక కర్మాగారమున కార్మికుడు.

ఈ చిత్రము 1949 డిసెంబరులో న్యూయార్కు చేరినది. అప్పట అమెరికాలో చిత్ర నిర్మాతలే ఏర్పరచుకొనిన నీతి నియమావళి యొకటి అమలులో నుండెను. దాని ముద్ర లేని చిత్రమును పెద్ద థియేటర్లు ప్రదర్శించుటకు వెనుదీసెడివి. ‘బైసికిల్ థీవ్స్’లో రెండు చిన్న దృశ్యములను కత్తిరించినగాని ముద్ర ఇయ్యమని ఆ కార్యాలయమువారు పట్టుపట్టిరి. అందొకటి, ఆ బాలుడు తిరిగి తిరిగి అలసి గోడవైపు మూత్రవిసర్జనకు నిలువబోవు దృశ్యము. దర్శకుడును, జోసెఫ్ బర్స్టిన్ అను పంపిణీదారుడును కత్తిరింపునకు సమ్మతింపలేదు. ముద్ర లేకుండగనే చిత్రము ప్రదర్శింపబడెను. ఆ సంవత్సరమే దానికి ఆస్కార్ విశేష పురస్కారమును లభించెను.

ఆ బర్స్టిన్ అంతటితో ఆగలేదు. రోస్సెల్లినీ దర్శకత్వము వహించిన ‘ది మిరకిల్’ అను చిన్న చిత్రమును 1950 డిసెంబరులో న్యూయార్కున ప్రదర్శించెను. అది మతమును అవమానించుచున్నదని కొందరు ఆందోళన చేయగా, 1951లో ఆ రాష్ట్రాధికారులు దాని అనుమతిని రద్దుచేసిరి. బర్స్టిన్ న్యాయస్థానములకెక్కి చివరివరకు పోరాడెను. 1952 మే 26వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ అతని పక్షమున తీర్పు చెప్పెను. 1915లో అదే న్యాయస్థానము చలనచిత్రము కేవలము వ్యాపారమే గాని భావప్రకటన కాదని నిర్ణయించియుండెను. ముప్పదియేడు సంవత్సరముల తరువాత ఆ నిర్ణయము తలక్రిందులై, చలనచిత్రమునకును పత్రికకువలెనే వాక్స్వాతంత్ర్య రక్షణ కలదని స్థిరపడెను. ఒక పరదేశపు చిన్న చిత్రమును జనులకు చూపవలెనను పట్టుదలవలన ఆ దేశపు చిత్రములన్నిటికి స్వేచ్ఛ కలిగినది. అతిథికై తెరచిన తలుపునుండి ఇంటివారికిని గాలి వచ్చినది.

చూచువారు లేక మరుగున పడిపోవలసిన చిత్రము, ఒకరు చూచుటవలన లోకప్రసిద్ధమైన కథ యొకటి కలదు. అకిరా కురోసావా తీసిన ‘రషోమన్’ 1950లో జపానులో విడుదలయ్యెను. ఒకే నేరమును నలుగురు నాలుగు విధములుగ చెప్పెదరు. ఏది సత్యమో చిత్రము తేల్చి చెప్పదు. దానిని నిర్మించిన సంస్థ అధిపతికే అది అర్థము కాలేదట. అట్టి దానిని జపానులో నివసించుచుండిన జూలియానా స్త్రామిజోలీ అను ఇటాలియను విదుషి చూచి, వెనిస్ చలనచిత్రోత్సవమునకు పంపదగినదని సిఫారసు చేసెను. తన చిత్రము పోటీకి పోయినదను సంగతి కురోసావాకే తెలియదు. 1951లో దానికి వెనిస్ నగరమున స్వర్ణసింహము లభించెను. మరుసటి సంవత్సరము ఆస్కార్ విశేష పురస్కారము దొరికెను. జపాను చిత్రములకు పాశ్చాత్య దేశముల తలుపులు తెరచుకొనుటకు ఒక స్త్రీ రెండు గంటలకన్న తక్కువకాలము చీకటిలో కూర్చుండి శ్రద్ధగ చూచుట కారణమైనది.

మన దేశమునకును ఈ విషయమున రుణానుబంధము కలదు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలగువారు కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించి, చందాలు వేసికొని పరదేశపు చిత్రములను తెప్పించుకొని చూచెడివారు. 1950లో రాయ్ ఉద్యోగముపనిమీద లండను నగరమునకు వెళ్లి అక్కడ ‘బైసికిల్ థీవ్స్’ చూచెను. అయిదు సంవత్సరములకు ‘పథేర్ పాంచాలి’ వెలువడినది. 1952 జనవరి 24వ తేదీన బొంబాయిలో మన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము ఆరంభమై, పిమ్మట కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరములకు తరలినది. ‘బైసికిల్ థీవ్స్’, ‘రషోమన్’ అందు ప్రదర్శింపబడినవి. ఆనాడు మద్రాసే తెలుగు చిత్ర పరిశ్రమకు కూడ కేంద్రము. 1953లో బిమల్ రాయ్ తీసిన ‘దో బీఘా జమీన్’లో, రెండు బిగాల భూమిని దక్కించుకొనుటకై కలకత్తాలో రిక్షా లాగు రైతును చూచినపుడు, ఆ రోము నగరపు పేదవాడు మన కన్నులకు కట్టక మానడు. పరభాషా చిత్రము చూచినవాడు తన భాషను మరచిపోవునను భయము నిరాధారమైనది. రాయ్ ఇటాలియను చిత్రము చూచి బెంగాలు పల్లెకు పోయెను గాని రోమునకు పోలేదు.

ఇక భాషయను అడ్డంకిని గురించి కొంచెము చెప్పెదను. రేడియో వినువారికి కంఠము తెలియును, ముఖము కనపడదు. పరభాషా చిత్రము చూచువారి స్థితి దీనికి తలక్రిందు. ముఖము కనపడును, కంఠము వినపడును, మాట మాత్రము తెలియదు. ఆ లోపమును పూరించుటకు తెర అడుగున అక్షరములు వేయుదురు. వీనినే సబ్‌టైటిల్స్ అందురు. ఇది చూచుటకు చిన్నపనియే గాని చేయుటకు సూక్ష్మమైన విద్య. ఒకసారి రెండు వరుసలకు మించి వేయరాదు. వరుస కొకింత ఇంచుమించుగ నలువది అక్షరములు పట్టును. అవి కనీసమొక సెకనైన నిలువవలెను. ఆరేడు సెకన్లకు మించి నిలిచినచో ప్రేక్షకుడు చదివినదానినే మరల చదువును. నటుడు పది మాటలు పలికినచోట అనువాదకుడు ఆరింటితో సరిపెట్టవలెను. ఏ నాలుగు మాటలు విడువవలెనో తెలియుటయే అతని నేర్పు. పూర్వము ఫిలింమీది పూతను రసాయనములతో కరగించి అక్షరములను చెక్కెడివారు. మంచు కురియు దృశ్యమున తెల్లని అక్షరములు తెల్లదనములో కలసిపోయి ప్రేక్షకుని తిప్పలు పెట్టెడివి. తరువాత లేసర్ కిరణములతో చెక్కు పద్ధతి వచ్చినది. నేడు కంప్యూటరు సహాయమున ఆ చిక్కు చాలవరకు తీరినది.

ఇటలీ, జర్మనీ మొదలగు దేశములలో పరభాషా చిత్రములకు తమ భాషలో కంఠములు అతికించుటయే వాడుక. మనకును డబ్బింగు చిత్రములు కొత్తవి కావు. చదువురానివారికిని, చిన్నపిల్లలకును ఆ పద్ధతియే మేలని ఒప్పుకొనవలెను. కాని నటుని ఊపిరి, తడబాటు, ఏడుపు ఆపుకొనునప్పటి గొంతు జీర, ఇవి అతని సొత్తు. వానిని వినవలెననిన అక్షరములు చదువు శ్రమ పడక తప్పదు. దక్షిణ కొరియా దర్శకుడు బోంగ్ జూన్ హో 2020 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ బహుమతి నందుకొనుచు, ఒక అంగుళము ఎత్తు మాత్రమే గల ఆ అడ్డుగోడను దాటినచో ఎన్నియో గొప్ప చిత్రములు లభించునను అర్థముతో మాటలాడెను. మరుసటి నెలలోనే అతని ‘పారసైట్’ చిత్రము ఆస్కార్ ఉత్తమ చిత్రముగ ఎంపికయ్యెను. ఆంగ్లేతర భాషా చిత్రమునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము.

భాషకన్న కఠినమైన అడ్డంకి మరియొకటి కలదు. అది ఎంపిక. ఆస్కార్ పోటీకి ఒక్కొక్క దేశము ఒక్కొక్క చిత్రమునే పంపవలెను. ఇటీవలి సంవత్సరములలో ఎనుబదికి పైగా దేశములు పంపుచున్నవి. వానిలోనుండి పదునైదింటిని, ఆ పదునైదింటినుండి అయిదింటిని ఏరుదురు. కాని అసలైన జల్లెడ ఏ దేశమున కా దేశముననే పట్టబడును. 1985లో జపాను తరపున కురోసావా ‘రాన్’ పోలేదు. అట్టి చిత్రమును విడచి ఆ దేశము వేరొకదానిని పంపెను. 2013లో మన దేశమునుండి ‘ది లంచ్‌బాక్స్’ పోవునని అనేకులు ఆశించగా, ‘ది గుడ్ రోడ్’ అను గుజరాతీ చిత్రము పోయెను. 2024లో పాయల్ కపాడియా చిత్రము ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ కాన్ ఉత్సవమున గ్రాండ్ ప్రీ నందెను. ఐనను మన తరపున ‘లాపతా లేడీస్’ పంపబడెను. దేశము పంపినదే పోటీకి రావలెనను నియమము గోల్డెన్ గ్లోబ్ బహుమతులకు లేదు గనుక, కపాడియా చిత్రము వారి పోటీలో చేరగలిగెను.

ఏది పరభాష యను ప్రశ్నయు అంత తేలికైనది కాదు. 2006వ సంవత్సరపు చిత్రములలో దీపా మెహతా తీసిన ‘వాటర్’ హిందీలో నడచినను, కెనడా తరపున పోటీకి ఎంపికైనది. 2019లో నైజీరియా పంపిన ‘లయన్‌హార్ట్’ అను చిత్రమున సంభాషణలలో అధికభాగము ఆంగ్లములో నున్నందున దానిని తొలగించిరి. ఆంగ్లము ఆ దేశమునకు అధికార భాష. ఆ సంవత్సరమే అకాడమీవారు ‘పరభాషా చిత్రము’ అను పేరును విడచి ‘అంతర్జాతీయ చిత్రము’ అను పేరును గ్రహించిరి. పేరు మారినను భాషా నియమము మారలేదు.

ఇప్పుడు ఈ ప్రసంగమునకు ప్రాణమైన సంగతికి వచ్చుచున్నాను. ఆస్కార్ పోటీలో చాల కాలము పరభాషా చిత్ర విభాగమునకు ఒక కఠిన నియమము ఉండెను. తుది ఓటు వేయగోరు సభ్యుడు ఆ అయిదు చిత్రములను తెరమీద చూచియుండవలెను. నాలుగు చూచినవానికి ఓటు లేదు. తక్కిన ప్రధాన విభాగములలో ఇట్టి నిర్బంధము లేకుండెను. ఈ నియమమువలన విరామము గలవారికి మాత్రమే ఓటు దక్కుచున్నదని ఆక్షేపణ వచ్చినది. అందు సత్యము లేకపోలేదు. సాయంకాలములు పనిలో నుండు నటుడో ఛాయాగ్రాహకుడో అన్ని ప్రదర్శనలకు రాలేడుకదా. అందువలన 2013లో ఆ నియమమును సడలించి, చిత్రములను డి.వి.డి.ల రూపమున ఇండ్లకు పంపి, సభ్యులందరికి ఓటు కల్పించిరి. ఓటర్లు పెరిగిరి. కాని ఇంటికి వచ్చిన చిత్రమును అందరును చూచిరా యను సందేహము మాత్రము మిగిలిపోయినది.

పండ్రెండు సంవత్సరములు గడచినవి. 2025 ఏప్రిలులో అకాడమీవారు ఒక ప్రకటన చేసిరి. ఇక మీదట ఏ విభాగమునందైనను, పోటీకి ఎంపికైన చిత్రములన్నిటిని చూచినవారే తుది ఓటు వేయవలెనని నిర్ణయించిరి. పరభాషా చిత్రములకు ఒకప్పుడుండిన మర్యాద నేడు అన్నిటికి ధర్మమైనది. చూడకుండ తీర్పు చెప్పరాదను మాట న్యాయస్థానములో పసిపిల్లవానికి కూడ తెలియును. చలనచిత్రములను తీర్చువారికి అది లిఖితనియమముగ చెప్పవలసివచ్చుటకు ఇంతకాలము పట్టెను.

వారి సంగతి యట్లుండ, మన సంగతి ఏమి? నా తప్పునే ముందుగ చెప్పుకొనెదను. మన దేశపు చిత్రములు ఈ పోటీలో తుది అయిదింటివరకు మూడుసార్లు చేరినవి: 1957వ సంవత్సరపు చిత్రములలో ‘మదర్ ఇండియా’, 1988లో ‘సలాం బాంబే’, 2001లో ‘లగాన్’. 2025 నాటి ఉత్సవమువరకు వీనిలో దేనికిని బహుమతి రాలేదు. 2002 మార్చి మాసమున ‘లగాన్’కు బహుమతి రాలేదని తెలిసిన ఉదయమున నాకు కలిగిన ఉక్రోషము ఇంతింత కాదు. మనవారికి అన్యాయము జరిగినదని ఇంట, బయట వాదించితిని. బహుమతి బోస్నియా దేశపు చిత్రము ‘నో మాన్స్ లాండ్’కు పోయినది. దానిని నేను చూడలేదు. దాని కథ కూడ నాకు తెలియదు. కొన్ని ఏండ్లకు ఒక మిత్రుని ఇంట ఆ చిత్రమును చూచుట తటస్థించెను. రెండు సేనల నడుమ ఒక కందకము. అందొక సైనికుడు మందుపాతరమీద పడుకొనియున్నాడు. అతడు కదలినచో అది పేలును. శత్రువులు, మిత్రులు, శాంతి సైనికులు, పత్రికలవారు అందరు వచ్చిరి, అందరు పోయిరి. చివరకు వాడొక్కడు ఆకాశమును చూచుచు అట్లే పడియున్నాడు. చిత్రము ముగిసిన తరువాత నేను చాలసేపు మాటలాడలేదు. ‘లగాన్’మీద నాకు ప్రేమ తగ్గలేదు. నా వాదముమీద మాత్రము సిగ్గు కలిగినది.

అటుపిమ్మట ‘మదర్ ఇండియా’ను గెలిచిన చిత్రమేదో వెదకి చూచితిని. అది ఫెలినీ ‘నైట్స్ ఆఫ్ కబీరియా’. అక్కడ అప్పుల పాలైన పల్లెలో నాగలి లాగి బిడ్డలను పెంచి, ధర్మముకొరకు కన్నకొడుకునే కాల్చిన రాధ. ఇక్కడ పదేపదే మోసపోయి, సమస్తము పోగొట్టుకొనియు కన్నీటి నడుమ చిరునవ్వు నవ్వు రోము నగరపు వెలయాలు. నర్గీస్ నటనను, జూలియెత్తా మసీనా నటనను ఒకే వారములో చూచినవానికి, ఎవరికి బహుమతి యను ప్రశ్న చిన్నదైపోవును. ఇద్దరు స్త్రీలును కష్టముల నెదుర్కొనిన తీరు మనస్సులో ప్రక్కప్రక్కనే నిలిచిపోవును.

తెలుగువారికి ఈ విషయమున సొంత అనుభవములును కలవు. 1986లో కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’ మన దేశము తరపున ఆస్కార్ పోటీకి పంపబడెను. అది తుది అయిదింటిలో చేరలేదు. 2022లో వెలువడిన రాజమౌళి ‘ఆర్.ఆర్.ఆర్.’ దేశము తరపున పోలేదు. ఆ సంవత్సరము ‘ఛెల్లో షో’ అను గుజరాతీ చిత్రము పోయి, తొలి పదునైదింటిలో నిలిచెను. ‘ఆర్.ఆర్.ఆర్.’ మాత్రము గోల్డెన్ గ్లోబ్ వారి ఆంగ్లేతర చిత్రముల పోటీకి ఎంపికయ్యెను. 2023 జనవరిలో ఆ బహుమతి ‘అర్జెంటీనా, 1985’ అను చిత్రమునకు దక్కగా, ‘నాటు నాటు’ పాటకు గ్లోబ్ బహుమతియు, మార్చిలో ఆస్కార్ బహుమతియు లభించినవి. కీరవాణి, చంద్రబోస్ వేదికమీద నిలిచిననాడు పొంగని తెలుగు హృదయము లేదు. ఆ పొంగు న్యాయమైనదే.

కాని మన చిత్రమును పంపలేదని నొచ్చుకొనిన వారిలో, పంపబడిన గుజరాతీ చిత్రమును చూచినవారెందరు? రైల్వే స్టేషనులో టీ అమ్మువాని కుమారుడు చలనచిత్ర కాంతిని పట్టుకొనవలెనని తపించు ఆ కథ మన పొరుగు భాషలోనిదే కదా. మనలను గెలిచిన అర్జెంటీనా చిత్రమును చూచినవారెందరు? సైనిక నియంతలను సామాన్య న్యాయస్థానమున నిలబెట్టిన స్త్రసెరా అను ప్రభుత్వ న్యాయవాది కథ అది. ఒక చిత్రమున పరపీడకులమీద విల్లంబులతో, అగ్నితో తిరుగుబాటు. రెండవదానిలో కాగితములతో, సాక్ష్యములతో తిరుగుబాటు. రెండింటిని చూచినవానికి లభించు సంపద ఒక్కదానిని మాత్రమే చూచి చప్పట్లు కొట్టినవానికి లభింపదు.

దూరదేశపు ప్రదర్శన పరంపరలో మనము గ్రహింపవలసిన నీతి ఇదియేనని నా మనవి. ఒక్క చిత్రమును ఎత్తి చూపుట బహుమతి లక్షణము. అయిదింటిని ప్రక్కప్రక్కన నిలుపుట ప్రదర్శన పరంపర లక్షణము. బహుమతి లేనిదే ఆ చిత్రముల పేర్లు మనవరకు వచ్చియుండెడివి కావు గనుక దానిని తృణీకరింపరాదు. కాని పేరు తెలిసినంతమాత్రమున చిత్రము తెలిసినట్లు కాదు.

మన పట్టణములలో ఇట్టి పని సాధ్యమా యని అడుగువారికి, అసాధ్యము కాదని చెప్పెదను. ఈనాడు అనేక పరభాషా చిత్రములు ఆన్‌లైన్‌లో ఇంటికే వచ్చుచున్నవి. కళాశాలలోనో, గ్రంథాలయములోనో, ఒకరి ముంగిటిలోనో తెల్లని దుప్పటి కట్టి, హక్కుదారుల అనుమతితో, వారమున కొకటి చొప్పున అయిదు వారములు చూడవచ్చును. ఇంగ్లీషు అక్షరములు వేగముగ చదువలేని పెద్దలకు కథను ముందుగ నాలుగు మాటలలో తెలుగున చెప్పు యువకుడొకడు ఉన్నచో చాలును. ఒక్క నియమము మాత్రము పెట్టుకొనవలెను. అయిదును చూచినవారే చివరి దినమున మాటలాడవలెను. నాలుగు చూచినవారు ఆ పూటకు శ్రోతలుగ నుండవలెను. ఆ చిన్న కట్టుబాటువలన వాదములు తగ్గును, చర్చ పెరుగును.

వచ్చు సంవత్సరము బహుమతుల వార్త వినబడినపుడు, మనవారు గెలిచినను ఓడినను, సంతోషమునకో విచారమునకో ముందు ఒక చిన్నపని చేయుడని మాత్రము శ్రోతలను ప్రార్థించుచున్నాను. తక్కిన నాలుగు చిత్రముల పేర్లు ఒక కాగితముమీద వ్రాసికొని, వానిలో ఒక్కటియైనను చూడుడు. తీర్పు ఆ పిమ్మట చెప్పవచ్చును.